తాళం గట్టిదే, ఊడింది గొళ్లెం

మాది మదనపల్లె. పదహారేళ్లుగా బెంగళూరు కేఆర్ పురంలో వడ్రంగం చేస్తున్నాను. సంక్రాంతి అయిన వారం నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి: “అన్నా, తలుపు పగలగొట్టారు, అర్జెంటుగా రా.”

రెండేళ్ల కిందట కసవనహళ్లిలో ఒకరింటికి అలాగే వెళ్లాను. ఒంగోలు వాళ్లు, పండక్కి ఊరెళ్లొచ్చారు. తాళం గుమ్మం ముందు పడి ఉంది. వేసింది వేసినట్టే ఉంది, గీత కూడా పడలేదు. గొళ్లేన్ని మాత్రం స్క్రూలతో సహా పెకలించారు. ఆ స్క్రూలు అరంగుళానివి. బిగించింది నేనే. ఇంటి ఓనరు “బాడుగ ఇల్లే కదా, చాల్లే” అన్నాడు, నేనూ సరేనన్నాను. రెండు బంగారు గాజులు, వెండి కుంకుమ భరిణ పోయాయి. ఆ అమ్మ నన్నేమీ అనలేదు, కాఫీ ఇచ్చింది. అది ఇంకా కష్టంగా అనిపించింది.

కాబట్టి ఈ రోజే మీ గొళ్లెం స్క్రూ ఒకటి విప్పి చూడండి. పొట్టిదైతే మార్పించండి. ద్వారబంధం వైపు రెండున్నర అంగుళాల స్క్రూలు పడాలి. తలుపు వైపు స్క్రూలే వద్దు. రెక్క అవతలిదాకా బెజ్జం వేసి బోల్టు దూర్చి, లోపలివైపు నట్టు బిగించమనండి. బోల్టు తల గుండ్రంగా, నున్నగా ఉండాలి. బయట నిలబడి స్క్రూడ్రైవర్‌తో విప్పగలిగేది ఒక్కటి కనబడినా ఆ పని మళ్లీ చేయించాల్సిందే.

ఇంకా మంచిది, బయట తాళమే వేలాడకపోవడం. వేలాడే తాళమంటే ఇంట్లో ఎవరూ లేరని బోర్డు పెట్టినట్టే. తలుపు మందం 35 ఎంఎం ఉంటే మోర్టిస్ లాక్, అంటే తలుపు చెక్కలోపలే ఇమిడిపోయే తాళం, పెట్టించుకోండి, బయటికి తాళంచెవి బెజ్జం తప్ప ఏమీ కనబడదు. బాడుగింట్లో దిగేవాళ్లు దాని సిలిండర్, అంటే తాళంచెవి దూరే ముక్క, మార్చుకోవాలి. పాత బాడుగవాళ్ల దగ్గర ఎన్ని డూప్లికేట్లు ఉన్నాయో ఎవరికి తెలుసు? తలుపు అంచున ఉన్న పొడవు స్క్రూ ఒకటి విప్పి, తాళంచెవి పెట్టి కాస్త తిప్పి లాగితే సిలిండర్ బయటికొచ్చేస్తుంది. పది నిమిషాల పని, నన్ను పిలవక్కర్లేదు. పాత సిలిండర్ దాచి, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ బిగించేయండి.

ముందు తలుపుకి టేకు, వెనక యుటిలిటీ తలుపుకి ఒక్క టవర్ బోల్టు గడియ. ఈ ఊళ్లో సగం ఇళ్లు ఇంతే. అక్కడ పైనొకటి, కిందొకటి వేయించండి. టెర్రస్ తలుపుకీ అంతే.

ఊరెళ్లేముందు నందిని పాలు, పేపరు ఆపేయండి. పక్కింటివాళ్లను అడిగితే గుమ్మం ముందు నాలుగు గీతల ముగ్గు వేస్తారు. లైటు రాత్రీ పగలూ వెలగనివ్వకండి, సాయంత్రం వెలిగి రాత్రి ఆరేలా టైమర్ పెట్టుకోండి. తాళంచెవి చెప్పుల స్టాండులో, మీటర్ బాక్సులో పెట్టొద్దు. నాకే తెలిసిన చోట్లు దొంగకి తెలియవా!

బంగారం లాకర్లో పెట్టండి. 2022 జనవరి నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం బ్యాంకులో దొంగతనం జరిగితే, లాకర్ ఏడాది అద్దెకు 100 రెట్ల దాకా బ్యాంకు బాధ్యత పడుతుంది. నగల విలువ అంతకంటే ఎక్కువుంటే మిగతాది మీ నష్టమే, అయినా బీరువా కంటే నయం. ఆంధ్రాలో తాళం వేసిన ఇళ్లకి పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ ఉంది కదా అని కొందరు అడుగుతారు. అది ఇక్కడ పనిచేయదు. మీ ఏరియా స్టేషన్‌కి వెళ్లి, ఏయే తేదీల్లో ఇంట్లో ఉండరో చెప్పి రండి.

ఇంత చేసినా తలుపు తెరిచి కనబడితే లోపలికి వెళ్లకుండా ముందు 112కి చేయండి. పోలీసులు వేలిముద్రలు తీసుకున్నాకే నాకు ఫోన్ చేయండి. అప్పటిదాకా గుమ్మంలో రాలిన చెక్కపేళ్లు కూడా ఊడవకండి.