పాత స్పీకర్ల బేరం: ముందు గ్రిల్ తీయించండి
ఎవరింటికైనా పాత స్పీకర్లు కొనడానికి వెళ్తే రేటు మాట్లాడేముందు గ్రిల్, అంటే స్పీకర్ ముందుండే మూత, తీయించి చూడండి. 1970ల నాటి ఏఆర్, అడ్వెంట్ లాంటి కంపెనీల స్పీకర్లలో వూఫర్ (బాస్ వినిపించే పెద్ద స్పీకర్) కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది, తక్కువ వాల్యూమ్‌లో పాట బాగానే వినిపిస్తుంది కాబట్టి చాలామంది ఇక్కడే మోసపోతారు. కోన్‌ని నాలుగు వేళ్లతో సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గరగరమంటే కోన్ వెనకుండే తీగచుట్ట (వాయిస్ కాయిల్) రుద్దుకుంటోందని అర్థం, అది ఫోమ్ మారిస్తే పోతుందన్న నమ్మకం లేదు. ట్వీటర్లు (సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకర్లు) కూడా ఒక్కోదాని దగ్గర చెవి పెట్టి వినండి. ఇక బేరానికొస్తే, "కాస్త తగ్గించండి సార్" అని ఊరికే అడిగితే పని జరగదు. ఫోమ్ మార్చడానికి మీ ఊళ్లో ఎంతవుతుందో ముందే కనుక్కుని, అమ్మేవాళ్లు చెప్పిన ధరలోంచి అది తీసేసి ఒకే అంకె చెప్పండి. ఇష్టంగా దాచుకున్న వస్తువు కదా, వంకలు పెడితే నొచ్చుకుంటారు, చిరిగిన చోటు మర్యాదగా చూపిస్తే చాలామంది వాళ్లే దిగొస్తారు.