పాత మూకీకి కొత్త మాటలు: తేయెస్ దారిలో ఒక బృంద చిత్రం

కళాకారుడు హావియేర్ తేయెస్ 1969లో వెనెజువెలాలోని వలెన్సియాలో పుట్టాడు. అమ్మా నాన్నా ఇద్దరూ సైకియాట్రిస్టులే. 2004 సిడ్నీ బినాలే (రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన) కోసం ఆ ఊరి రోజెల్ మానసిక ఆసుపత్రిలో చికిత్సలో ఉన్న 12 మంది మహిళలతో ఒక పని చేశాడు: మతగురువులు విచారించి శిక్షించిన ఫ్రెంచి యువతి జోన్ ఆఫ్ ఆర్క్ మీద దర్శకుడు డ్రయర్ తీసిన 1928 నాటి మూకీకి వాళ్లచేత కొత్త టైటిల్ కార్డులు, అంటే దృశ్యాల మధ్య తెర మీద కనిపించే రాతలు, రాయించాడు. బొమ్మ పాతదే. మాట మారేసరికి మతగురువుల విచారణ కాస్తా ఆసుపత్రి విచారణ అయింది. పక్క తెర మీద ఆ మహిళలే తమ కథలు చెబుతారు.

మరుసటి ఏడాది టిహువానాలో సరిహద్దు కంచె మీదుగా ఒక మనిషిని ఫిరంగిలోంచి అవతలికి పంపించాడు. అది మన వల్ల అయ్యే పని కాదు. టైటిల్ కార్డులైతే మన దగ్గరి మానసిక ఆసుపత్రిలోనూ చేయొచ్చు: ఫోను, స్టాండు, నల్లబల్ల, ప్రొజెక్టర్ ఉంటే చాలు.

ముందు అనుమతి. ఆసుపత్రి సంతకం ఒక్కటే సరిపోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 24 ప్రకారం, చికిత్సలో ఉన్న మనిషి ఒప్పుకోకుండా ఫొటో గానీ వివరాలు గానీ మీడియాకు ఇవ్వకూడదు. ఒప్పుదల రెండుసార్లు తీసుకోండి: షూటింగుకు ముందొకటి, ఎడిటింగ్ చూపించాక ఇంకొకటి. ఎవరి రికార్డింగు వాళ్ల ఫోల్డర్లోనే ఉంచండి. తర్వాత ఒకరు వద్దంటే మిగతా పని చెడకుండా తీసేయొచ్చు.

బృందం 8 నుంచి 12 మంది. గంటన్నర మించొద్దు, మందుల మగత ఏ వేళ ఉంటుందో వాళ్లనే అడిగి సమయం పెట్టండి. డాక్టరు గదిలో ఉంటే జనం డాక్టరుకు నచ్చే వాక్యాలు రాస్తారు. ఆయన్ని బయట కూర్చోబెట్టండి, పిలిస్తే అందేంత దూరంలో.

మూకీలోంచి 10 నిమిషాల ముక్క తీసుకోండి. మన చట్టంలో సినిమా హక్కు విడుదల తర్వాత 60 ఏళ్లే గానీ, కొత్తగా చేర్చిన సంగీతానికి వేరే హక్కు ఉండొచ్చు కాబట్టి శబ్దం తీసేయండి. పాత కార్డులు కత్తిరించి, మాట లేకుండా రెండుసార్లు వేసి, ‘ఈమె ఏమంటోంది?’ అని మాత్రమే అడగండి. ‘మీ జబ్బు గురించి రాయండి’ అన్నారో, పని చెడినట్టే: కేస్ షీట్లు వస్తాయి.

వాక్యాలు ఒకదానికొకటి పొసగకపోతే కలపొద్దు. మన అంధగజ న్యాయంలో ఏనుగును తడిమిన ప్రతివాడూ పొరబడతాడు. 2007లో తేయెస్ న్యూయార్క్‌లో ఆరుగురు అంధులకు నిజం ఏనుగునే తాకించాడు. అక్కడ ఎవరి స్పర్శ వారికి పూర్తి. కార్డులూ అంతే.

కార్డుకు ఆరేడు మాటలు, నల్లబల్ల మీద రాయించి ఫోనుతో తీయండి. నెమ్మదిగా రెండుసార్లు చదవడానికి పట్టేంత సేపు తెర మీద ఉంచండి, సుమారు 6 సెకన్లు. తెలుగులో చిక్కు ఒత్తులతోనే: వరసలు దగ్గరగా ఉంటే పైవరస ఒత్తు కిందివరస గుడిలో కలిసిపోతుంది. రెండింతల ఎడం వదలండి. ఫ్లాష్ వేస్తే బల్ల మెరుస్తుంది. కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా పెట్టుకోండి. రాత వాళ్లదే ఉండాలి, తప్పులు దిద్దొద్దు.

మొదటి ప్రదర్శన వాళ్లకే. పేర్ల పట్టీలో రచయితలుగా వాళ్లను వేయండి, అసలు పేరో మారుపేరో వాళ్లే చెబుతారు.