షుగర్ లెక్క – 3వ పాఠం: మీ మీటరును ల్యాబుతో సరిచూసుకోవడం

పోయిన పాఠంలో చెప్పినట్టు వారం రోజులు పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూసి నోటుబుక్కులో రాసుకున్నారు కదా. ఆ అంకెలను నమ్మొచ్చో లేదో ఈసారి తేల్చుకుందాం.

ఇంటి మీటరు ల్యాబుతో అచ్చంగా కలవదు. మీటర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 15197 (2013), కొంత తేడాను ఒప్పుకుంటుంది. షుగర్ 100 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ల్యాబు అంకెకు అటూ ఇటూ 15 శాతం, 100కు తక్కువైతే 15 మిల్లీగ్రాములు. నూటికి 95 సార్లయినా ఆ హద్దులో రావాలి. అంటే ల్యాబులో 140 వస్తే మీ మీటరులో 119 నుంచి 161 దాకా ఏదొచ్చినా పరవాలేదు. ల్యాబులో 90 అయితే 75 నుంచి 105. నిన్న 132, ఇవాళ 141 వచ్చిందని రాత్రి అన్నం మానేసేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి.

సరిచూసే పద్ధతి ఇది. పరగడుపున మీటరు వెంట తీసుకుని ల్యాబుకు వెళ్లండి. తిన్నాక వద్దు, ఎందుకంటే అప్పుడు వేలి రక్తంలో షుగర్ నరం రక్తంలో కంటే సహజంగానే ఎక్కువుంటుంది. నరం నుంచి రక్తం తీసిన ఐదు నిమిషాల్లోపే వేలు గుచ్చి మీటరులో చూసి రాసుకోండి. రక్తాన్ని బూడిదరంగు మూత ట్యూబులో (గ్లూకోజు తరుగుదలను తగ్గించే మందు ఉండే ట్యూబు) తీశారా, ఎంతసేపట్లో పరీక్షిస్తారు అని అడగడానికి మొహమాటపడకండి. ట్యూబులో రక్తం ఊరికే నిలవుంటే అందులోని కణాలు గంట గంటకూ గ్లూకోజును తినేస్తాయి, ఎండాకాలం మరీనూ. అప్పుడు ల్యాబు అంకే తగ్గిపోతుంది, తప్పు మన మీటరు మీదికి వస్తుంది.

ఒక్కసారి తేడా వచ్చిందని మీటరు పారేయకండి, మరో రోజు మళ్లీ చూడండి. రెండోసారీ హద్దు దాటితే ముందు స్ట్రిప్పుల సంగతి చూడాలి. నా అనుభవంలో సగం గొడవలు స్ట్రిప్పులవే. డబ్బా మూత ఒక పూట తెరిచి ఉంచినా తేమ పట్టేస్తుంది. పొయ్యి పక్కన, ఫ్రిజ్‌లో, కారులో పెట్టకూడదు. డబ్బా తెరిచిన తేదీని దాని మీదే పెన్నుతో రాయండి. తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో డబ్బా మీదే ఉంటుంది, గడువు తేదీతో పాటు అదీ చూడాలి.

ఇక చేతులు. మా అమ్మ ఒక మే నెల ఉదయం మనవలకు బంగినపల్లి మామిడిపండ్లు కోసిచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని, పరగడుపునే వేలు గుచ్చుకుంది. 268! భయపడి నన్ను పిలిచింది. సబ్బుతో కడిగించి, బాగా ఆరాక మళ్లీ చూస్తే 141. ఆమె ఇన్సులిన్ తీసుకునే మనిషి. ఆ 268ని నమ్మి డోసు పెంచుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

రక్తహీనత ఉన్నవాళ్లకు చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. మీ హిమోగ్లోబిన్ తక్కువైతే డాక్టరుకు ఆ మాట చెప్పి, మీటరు అంకెల గురించి అడగండి.

లండన్‌లోనో టొరంటోలోనో ఉన్న పిల్లలు మీటరు పంపారా? అందులో 7.8 అని వస్తే కంగారు పడకండి, అక్కడి కొలత వేరు. 18తో గుణిస్తే మన లెక్కలో దాదాపు 140. కానీ దాని స్ట్రిప్పులు మీ ఊరి మందుల షాపులో దొరుకుతాయా? దొరకకపోతే ఆ మీటరు ఎంత ఖరీదైనదైనా మీకు పనికిరాదు. మీటరు ఒక్కసారే కొంటాం, స్ట్రిప్పులు మాత్రం జీవితాంతం కొంటూనే ఉంటాం.

మరొక్క మాట. వణుకు, చెమట, కళ్లు తిరగడం ఉండి మీటరు 70 లోపు చూపిస్తే దాన్ని అనుమానిస్తూ కూర్చోవద్దు. మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడండి.

ఈ వారం పని: స్ట్రిప్పుల డబ్బా మీద తేదీ రాయడం, ఒకసారి ల్యాబుతో సరిచూడటం. రెండు అంకెలూ నోటుబుక్కులో పక్కపక్కన ఉండాలి. వచ్చే పాఠంలో మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీని వాటి పక్కన పెట్టి చదువుదాం.