అంబాసిడర్ టాపెట్ కవర్‌కి నిలిచే రంగు

మా పెట్రోల్ అంబాసిడర్‌లో టాపెట్ కవర్ (ఇంజన్ పైన వాల్వులను కప్పే రేకు మూత), ఎయిర్ క్లీనర్ డబ్బా తుప్పు పట్టి, పాత రంగు పొలుసులుగా లేచిపోయింది. ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి ఉన్న రేకునే కాపాడుకోవాలి.

షాపులో ముందుగా చూపించేది 600 డిగ్రీల హీట్ పెయింట్. అది సైలెన్సర్‌కి, ఇంజన్ నుంచి పొగ బయటికి తెచ్చే మానిఫోల్డ్‌కి సరే. బాగా కాలితేనే ఆ రంగు గట్టిపడుతుంది. టాపెట్ కవర్ ఇంచుమించు మరిగే నీళ్లంతే వేడెక్కుతుంది, ఆ వేడి చాలదు. సరిగా కాలని రంగు పెట్రోల్ పడితే మెత్తబడుతుంది. ఇక్కడ అసలు శత్రువు కార్బురేటర్ నుంచి కారే పెట్రోలే. మామూలు ఎనామిల్ కూడా దానికి నిలవదు.

పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో కరిగించే పూత) గట్టిదే, కానీ పెచ్చు లేస్తే కింద తుప్పు పాకుతుంది, ఇంట్లో టచప్ కుదరదు. అందుకే కింద ఎపాక్సీ ప్రైమర్, పైన పెట్రోల్‌కి తట్టుకునే, గట్టిపడేందుకు హార్డెనర్ కలిపే పీయూ (పాలియురెథేన్) పెయింట్ ఎంచుకున్నాను.

రంగు కన్నా రేకు శుభ్రతే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. అంచు మడతలో నల్లటి ఆయిల్ దాక్కుంటుంది. థిన్నర్‌లో తడిపిన తెల్లగుడ్డకి మరక అంటనంతవరకు తుడిచాను. ఎమరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, అదే రోజు ప్రైమర్ వేయించాను. ఆయిల్ కారకుండా పెట్టే కార్క్ గాస్కెట్ కూర్చునే అంచుకి మాత్రం టేపు వేశాను.

హార్డెనర్‌లోని ఐసోసయనేట్ అనే రసాయనం ఊపిరితిత్తులకు ప్రమాదం, గుడ్డ మాస్కు పనికిరాదు. బయటి గాలి అందే మాస్కు ఉన్న పెయింటర్‌తోనే స్ప్రే చేయించాను. మొన్న కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె (ఫ్లోట్ బౌల్) పొంగి పెట్రోల్ కవర్ మీద పడింది. తుడిస్తే మెరుపు అలాగే ఉంది.