జాజ్ గాయని ఆల్బమ్: స్టాండర్డ్‌ను కొత్తగా మలచడం, సొంత పాటను పక్కన నిలబెట్టడం

స్టాండర్డ్‌ను, అంటే జాజ్‌వాళ్లంతా పాడుతూ వాయిస్తూ వచ్చిన పాత పాటను, కొత్తగా పాడాలనుకుంటే ముందు దాని మాటలు చదవండి. కార్డ్‌లు (బాణీ కింద కలిపి మోగే స్వరాల గుంపులు) మార్చడం తర్వాతి పని. స్టాండర్డ్‌లలో ఎక్కువ భాగం 1920ల నుంచి 1950ల దాకా బ్రాడ్వే నాటకాలకూ హాలీవుడ్ సినిమాలకూ రాసినవి. అంటే ఒక పాత్ర, ఒక సందర్భంలో, ఎవరితోనో అన్న మాటలు. ఆ సందర్భం తెలిస్తే మార్పు ఎక్కడ చేయాలో పాటే చెబుతుంది. చాలా పాటలకు ముందు ‘వర్స్’ అనే ఎత్తుగడ ఉంటుంది. జాజ్ కచేరీల్లో ఎక్కువగా దాన్ని వదిలేసి, అసలు పాట అయిన కోరస్ మాత్రమే పాడతారు. అచ్చు షీట్ మ్యూజిక్ సంపాదించి ఆ వర్స్ చూడండి. పియానో ఒక్కదానితో, లయ కట్టుబాటు లేకుండా దాన్ని పాడి కోరస్‌లోకి దిగితే, ఒక్క కార్డ్ మార్చకుండానే పాట కొత్తదవుతుంది.

పది పాటలు, 42 నుంచి 45 నిమిషాలు చాలు. ఆరు స్టాండర్డ్‌లు, నాలుగు సొంతవి అనుకుంటే, తయారీ పద్నాలుగింటితో మొదలుపెట్టండి. రిహార్సల్‌లో నాలుగు వాటంతటవే రాలిపోతాయి.

శ్రుతి

కర్ణాటక కచేరీలో ఐదు శ్రుతి అనుకుంటే చివరిదాకా అదే. జాజ్‌లో పాటపాటకూ శ్రుతి మారుతుంది, మారాలి కూడా. స్టాండర్డ్‌ల స్వరలిపి పుస్తకాల్లో ఉండేవి చాలావరకు వాద్యకారులకు అనువైన కీలు (శ్రుతులు). ఆడగొంతుకు సాధారణంగా అక్కడి నుంచి నాలుగైదు స్వరాలు కిందికి దించాలి. కొలత ఇలా తీయండి: మామూలుగా మాట్లాడినంత గొంతుతో పాడినా మాట స్పష్టంగా వినబడే అతి కింది స్వరం ఒకటి, గట్టిగా కాకుండా మెల్లగా పట్టగలిగే అతి పై స్వరం ఒకటి. పాట ఈ రెంటి మధ్య ఉండాలి. గట్టిగా అరిచి అందుకునే స్వరాన్ని కొలతలోకి తీసుకుంటే బాలడ్‌లో, అంటే నెమ్మది పాటలో, గొంతు బిగుసుకుంటుంది. ‘ఈ’ మైనర్ కీకీ, దాని కిందిదైన ‘ఈ ఫ్లాట్’ మైనర్ కీకీ మధ్య ఊగుతుంటే బ్యాండులో ఎవరున్నారో చూడండి. శాక్సఫోన్, ట్రంపెట్ ఉంటే ఫ్లాట్ కీలు వాళ్లకు సుఖం. ఏ వేళకు స్టూడియో బుక్ చేశారో ఆ వేళకే పాడి చూసి కీ ఖాయం చేయాలి. ఉదయం గొంతు కిందికి బాగా దిగుతుంది కానీ పైకి సులువుగా పోదు.

ఏది మార్చాలి

తాళం, వేగం, కార్డ్‌లు, గ్రూవ్ (లయ నడక), భాగాల వరుస, వాద్యాలు: ఈ ఆరింటిలో ఒక పాటకు రెండు మార్చండి. అన్నీ మారిస్తే వినేవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

వేగం మార్చేముందు లెక్క వేయండి. కోరస్‌కు మామూలుగా 32 బార్లు, బారుకు నాలుగు దెబ్బల చొప్పున 128 దెబ్బలు. నిమిషానికి 60 వేగంలో ఒక కోరస్‌కే 2 నిమిషాల 8 సెకన్లు పడుతుంది. 200లో 38 సెకన్లకే అయిపోతుంది. అందుకే బాలడ్‌లో గాయని ఒక కోరస్ పాడాక, పియానో మొదటి రెండు ‘ఎ’ భాగాలు (ఒకే బాణీతో వచ్చేవి) మాత్రం సోలో వాయించి, గాయని బ్రిడ్జి (బాణీ మారే మధ్య భాగం) దగ్గర తిరిగి అందుకోవడం వాడుక. పూర్తి కోరస్ సోలో ఇస్తే పాట ఏడు నిమిషాలకు పాకుతుంది, మాటల పట్టు సడలుతుంది.

7/4లోకి, అంటే బారుకు ఏడు దెబ్బల తాళంలోకి, మార్చేటప్పుడు మిశ్రచాపు తెలిసినవాళ్లకు సగం పని అయిపోయినట్టే. రెండు 4/4 బార్లను కలిపి ఒక 7/4 బారు చేయండి. పోయే ఆ ఒక్క దెబ్బను పొడుగు స్వరం చివర్నుంచి తీయాలి, మాట మధ్యలోంచి తీయకూడదు. 3+4గా లెక్కపెడుతున్నారా, 4+3గానా అన్నది చార్ట్ (బ్యాండుకు ఇచ్చే స్వరలిపి కాగితం) మీద రాయండి. రాయకపోతే బేస్ ఒక రకంగా, డ్రమ్స్ ఇంకో రకంగా విరుస్తాయి.

కార్డ్‌లు మార్చేటప్పుడు ప్రతిచోటా గొంతులో ఉన్న స్వరాన్ని చూడాలి. చాలా ఆల్బమ్‌లు దెబ్బతినేది ఇక్కడే. జి సెవెన్ కార్డ్ బదులు డి ఫ్లాట్ సెవెన్ వేయడం అందరికీ తెలిసిన పద్ధతి. రెండింటిలోనూ బి, ఎఫ్ స్వరాలు ఉన్నాయి కాబట్టి కుదురుతుంది. పైన గొంతులో జి ఉంటే అందంగా ఉంటుంది. డి ఉంటే ఘాటుగా ఉంటుంది, అయినా నిలుస్తుంది. సి ఉంటే మాత్రం కార్డ్‌లోని సి ఫ్లాట్‌తో (బి స్వరానికే మరో పేరు) కొట్టుకుంటుంది, అక్కడ వేయకండి. ఇంకో సాధారణ ఇబ్బంది: గాయని షడ్జం మీద ఆగినచోట పియానో మేజర్ సెవెన్ కార్డ్ వాయిస్తే, అందులోని కాకలి నిషాదం పక్కనే మోగి గొంతు తెలియకుండానే కిందికి జారుతుంది. అలాంటిచోట ఆ నిషాదం లేని సిక్స్త్ కార్డ్ రాయండి.

సొంత పాట

సొంత పాట స్టాండర్డ్‌ల పక్కన బలహీనంగా వినిపించడానికి ఎక్కువసార్లు కారణం బ్రిడ్జి లేకపోవడం. ఎఎబిఎ రూపంలోనే మొదటిది రాయండి: ‘ఎ’ ఎనిమిది బార్లు, పాట పేరు దాని మొదట్లోనో చివర్లోనో రావాలి, ‘బి’, అంటే బ్రిడ్జి, తప్పనిసరిగా వేరే కీలోకి పోవాలి. మరో దారి, ఉన్న కార్డ్‌ల వరుస మీద కొత్త బాణీ కట్టడం. 1930 నాటి ‘ఐ గాట్ రిథమ్’ కార్డ్‌ల మీద బీబాప్ (1940ల జాజ్ శైలి) కాలంలో ఎన్నో బాణీలు అలాగే పుట్టాయి. తెలుగులో రాస్తుంటే అచ్చులతో ముగిసే మాటలు పొడుగు స్వరాలకు బాగా పనికొస్తాయి. అయితే పొడుగు స్వరాన్ని గురువు అయిన అక్షరం మీదే పెట్టండి. లఘువును సాగదీస్తే మాట విరిగిపోతుంది.

చార్ట్, రిహార్సల్

వరుసకు నాలుగు బార్లు, ప్రతి భాగానికీ అక్షరం, పైన వేగం అంకెల్లో. టెనర్ శాక్స్, ట్రంపెట్‌లకు వాటి శ్రుతికి మార్చి రాసిన ‘బి ఫ్లాట్’ ప్రతి, ఆల్టో శాక్స్‌కు ‘ఈ ఫ్లాట్’ ప్రతి వేరుగా తీయండి. ఎత్తుగడ, ముగింపు బార్లు బార్లుగా రాసి ఉండాలి. చివరి నాలుగు బార్లు మూడుసార్లు పాడి ముగిస్తారా, చివరి మాటకు ముందు ఆగుతారా? ఇది తేల్చని పాట స్టూడియోలో మూడు టేకులు తినేస్తుంది. రిహార్సల్‌లో బాణీని మొదట ఉన్నది ఉన్నట్టు పాడండి. దెబ్బ వెనకగా మాట వేయడం, మలుపులు తర్వాత. గాయని వెనక్కి జరిగినా బ్యాండు ఆమె కోసం ఆగకూడదు. ఆగితే పాట నెమ్మదిస్తూ పోతుంది.

స్టూడియో

పియానో, డబుల్ బేస్, డ్రమ్స్, గొంతు నలుగురూ ఒకేసారి, కానీ గొంతు వేరే బూత్‌లో, అద్దంలోంచి ఒకరికొకరు కనబడేలా ఉండాలి. ఒకే గదిలో ఉంటే సింబల్ మోత గొంతు మైకులోకి దూరి, తర్వాత ఒక్క మాట కూడా మార్చలేరు. కార్డియాయిడ్ (ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టే) కండెన్సర్ మైకు 15–25 సెంటీమీటర్ల దూరంలో, మధ్యలో పాప్ ఫిల్టర్, 24 బిట్ రికార్డింగ్, గట్టి చోట్ల మైనస్ 10 డీబీ దాటకుండా. హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుంటే రెండోదాన్ని తలకు ఆనించి మూయండి. లేదంటే అందులోని శబ్దం మైకులో పడుతుంది. పియానోకు ఉదయం శ్రుతి చేయించి, భోజనవేళ మళ్లీ సరిచూడాలి.

క్లిక్ (హెడ్‌ఫోన్‌లో ఆగకుండా మోగే మెట్రోనోమ్) లేకుండా వాయిస్తారు కాబట్టి ప్రతి టేకుకు ముందు మెట్రోనోమ్ నాలుగు దెబ్బలు వినిపించండి. రెండు టేకుల వేగం కలిస్తేనే ఒకదాని బ్రిడ్జిని ఇంకోదానికి అతకగలరు. పాటకు మూడు పూర్తి టేకులు, గొంతుకు రోజుకు నాలుగు గంటలు. బాలడ్‌లు మొదట, గట్టిగా పాడేవి చివర.

హక్కులు

అమెరికాలో, ఒకసారి విడుదలైన పాటను పాడుకోవడానికి తప్పనిసరి లైసెన్స్ (హక్కుదారు కాదనలేనిది) ఉంది. మీ శైలికి తగ్గట్టు మలచుకోవచ్చు, మూల బాణీనీ పాట స్వభావాన్నీ మార్చకూడదు. 2025 రేటు ఒక్కో పాటకు సీడీ ప్రతికి 12.7 సెంట్లు, ఐదు నిమిషాలు దాటితే నిమిషానికి 2.45. ఆరున్నర నిమిషాల పాటను ఏడుగా లెక్కిస్తారు, 17.15 సెంట్లు. 300 సీడీలకు 51 డాలర్ల 45 సెంట్లు. 1930లో అచ్చయిన పాటలు 2026 జనవరి 1 నుంచి అక్కడ అందరివీ అయ్యాయి. ఇతర దేశాల గడువులు వేరు. భారత కాపీరైట్ చట్టంలో ఇలా తిరిగి పాడేందుకు సెక్షన్ 31సి ఉన్నా, అది ఏటా కనీసం 50,000 ప్రతుల రాయల్టీ అడుగుతుంది, మార్పులను సాంకేతిక అవసరం మేరకే ఒప్పుకుంటుంది. కొత్తగా మలిచిన పాటకు నేరుగా పబ్లిషర్ అనుమతి తీసుకోవడమే దారి. ఇంకా హక్కులున్న పాట మాటలను తెలుగు చేయాలన్నా అంతే, ఎక్కడైనా.

వరుస, మాస్టరింగ్

సొంత పాటలన్నీ చివర పేర్చకండి. మొదటిది మూడో స్థానంలో ఉండనివ్వండి. ఒకే కీ, ఒకే వేగం ఉన్న రెండు పాటలు పక్కపక్కన వద్దు. గొంతుకు ఒకటిన్నర సెకన్ల ప్లేట్ రివర్బ్ (ప్రతిధ్వని), 30–40 మిల్లీసెకన్ల ప్రీ డిలే (ప్రతిధ్వనికి ముందు విరామం) పెడితే మాట మసకబారదు. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్‌కు (వినబడే గట్టితనానికి కొలత) సరిచేస్తుంది కనుక అంతకంటే గట్టిగా నొక్కితే లాభం లేదు. జాజ్‌కు మైనస్ 16 హాయిగా ఉంటుంది. ఎల్‌పీ (వినైల్ రికార్డు) వేస్తే ఒక్కో వైపు 22 నిమిషాలు దాటనివ్వకండి. లోపలి గాళ్లలో ‘స’, ‘ష’లు చీలతాయి కాబట్టి ప్రతి వైపు చివర్లో మెల్లని, ఊష్మాలు తక్కువున్న పాట పెట్టండి.