నాటకరంగ పరిశోధన, రచనలో పెయిడ్ ఇంటర్న్‌షిప్: డిగ్రీ విద్యార్థులు ఎలా అప్లై చేయాలి?

నాటకరంగంలో ఇంటర్న్‌షిప్ అనగానే నటన రావాలేమో అనుకుని చాలామంది ప్రకటన పూర్తిగా చదవకుండానే వదిలేస్తారు. ఇందులో స్టేజీ ఎక్కే పని లేదు. చదవడం, వెతకడం, రాయడం, ఇంతే. ఒక నాటకాన్ని ప్రదర్శనకు తీసుకున్నాక అది ఏ కాలానిది, అప్పటి మనుషులు ఎలా బతికేవారు, గతంలో దాన్ని ఎవరెవరు ఎలా ఆడారు, ఇప్పటి నటులకు అర్థం కాని మాటలేమిటి అన్నవి వెతికి దర్శకుడికి, నటులకు అందించే మనిషిని డ్రమటర్గ్ అంటారు. 1767లో జర్మనీలోని హాంబర్గ్‌లో జాతీయ నాటకశాల తెరిచినప్పుడు లెస్సింగ్ అనే రచయితను పనిలోకి తీసుకున్నారు. అక్కడి ప్రదర్శనల మీద ఆయన వరసగా వ్యాసాలు రాశాడు. ఈ వృత్తి చరిత్రను సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు.

ఇంటర్న్‌కి వచ్చేది ఆ పనిలో ఒక ముక్క. ప్రేక్షకుల చేతికిచ్చే ప్రోగ్రాం పుస్తకంలో చిన్న వ్యాసం రాయడం, రిహార్సల్స్ కోసం సమాచారం ఫైలు తయారుచేయడం, పాత సమీక్షలు, ఫొటోలు వెతికి వరసలో పెట్టడం, కొత్తగా వచ్చిన స్క్రిప్ట్‌లు చదివి రిపోర్ట్ రాయడం లాంటివి ఉంటాయి. ఎక్కువ సమయం లైబ్రరీలోనో, పాత పత్రాలు భద్రపరిచే ఆర్కైవ్‌లోనో గడుస్తుంది. రిహార్సల్ హాల్లో కూర్చునే అవకాశం అన్నిచోట్లా ఉండదు, అదే ఆశతో చేరేవాళ్లు ముందే కనుక్కోవడం మంచిది.

ఎవరు అర్హులు, డబ్బు ఎలా ఇస్తారు

డిగ్రీ చదువుతూ ఉండాలన్నది మొదటి షరతు. ఫైనల్ ఇయర్ వాళ్లు ఒకటి చూసుకోవాలి: కొన్ని ప్రకటనలు అప్లై చేసే రోజుకి విద్యార్థి అయితే చాలంటాయి, కొన్ని ఇంటర్న్‌షిప్ ముగిసేదాకా కాలేజీలో విద్యార్థిగా నమోదై ఉండాలంటాయి. సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం, భాషలు, నాటకకళ చదివేవాళ్లకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. వేరే బ్రాంచి వాళ్లు తాము తీసుకున్న హ్యుమానిటీస్ కోర్సులు చూపించి అప్లై చేయొచ్చా అని ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టి అడగాలి. అడిగితే పోయేదేమీ లేదు.

పెయిడ్ అన్న మాట చూసి ఊరుకోకండి. గంటల లెక్కన జీతం ఇస్తారా, మొత్తానికి ఒకే స్టైపెండా? స్టైపెండ్ అయితే మొదట్లో ఇస్తారా, చివరి రిపోర్ట్ ఇచ్చాకా? వసతి, ప్రయాణ ఖర్చులు అందులోనే కలిసి ఉన్నాయా? ఈ పనికి కోర్సు క్రెడిట్లు తీసుకుంటే కాలేజీకి తిరిగి ఫీజు కట్టాల్సి వస్తుందా? వేరే ఊరికి వెళ్లి ఉండాల్సినవాళ్లకు చేతిలో మిగిలేది వీటిమీదే ఆధారపడుతుంది. విదేశంలో స్టూడెంట్ వీసా మీద చదివేవాళ్లు పని మొదలుపెట్టకముందే, ఈ పనికి అనుమతి అవసరమా అని కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో తేల్చుకోవాలి.

కావలసిన కాగితాలు

రెజ్యూమె, మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్, ఎందుకు అప్లై చేస్తున్నారో చెప్పే ఒక స్టేట్‌మెంట్, రైటింగ్ శాంపిల్ (మీరు రాసినదాంట్లోంచి ఒక నమూనా), ఒకటో రెండో రికమెండేషన్ లెటర్లు. దాదాపు ప్రతిచోటా అడిగేవి ఇవే. రెజ్యూమె ఒక పేజీ దాటనివ్వొద్దు. కాలేజీ పత్రికలో రాసినవి, లైబ్రరీలో చేసిన పని, అనువాదాలు, నాటక బృందంలో ప్రాంప్టింగ్ (నటులు మర్చిపోయిన మాటలు అందించడం) చేసినా సరే, రాయండి. చదవడం వచ్చిన భాషలు తప్పకుండా చేర్చండి. ఆర్కైవ్ పనిలో రెండో భాష వచ్చినవాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది.

రైటింగ్ శాంపిల్ మీద మాత్రం టైమ్ పెట్టాలి. నా ఉద్దేశంలో ఇలాంటి ఎంపికలో మార్కుల కంటే ఇదే బరువైనది, ఎందుకంటే రేపు మీరు చేయబోయే పని ఇదే. క్లాసులో రాసిన వ్యాసం పంపొచ్చు, కానీ యథాతథంగా కాదు. కథ చెప్పే పేరాలు తీసేయండి, ఆ నాటకం కథ చదివేవాళ్లకు తెలుసు. మీ వాదన మొదటి పేజీలోనే కనబడాలి. ఫుట్‌నోట్స్ ఉంచండి, ఏ మాట ఎక్కడి నుంచి తెచ్చారో చూపించే అలవాటు మీకుందని తెలిసేది వాటితోనే. వ్యాసం పెద్దదైతే అడిగిన పేజీలకు సరిపడా ఒక భాగం తీసి, అది దేనిలోదో పైన రెండు లైన్లలో చెప్పండి. నాటక సమీక్ష కూడా పనికొస్తుంది, 'అద్భుతంగా నటించారు' దగ్గర ఆగిపోకుండా ఏ సీన్‌లో ఏం చేశారో, దానివల్ల అర్థం ఎలా మారిందో రాసి ఉంటే. గ్రూప్ ప్రాజెక్టులు వద్దు. ఏఐ టూల్స్ వాడకం గురించి ప్రకటనలో ఏముందో చదివి దానికి కట్టుబడండి.

స్టేట్‌మెంట్ దగ్గరే అందరికీ టెన్షన్. 'చిన్నప్పటి నుంచి నాకు నాటకాలంటే ప్రాణం' అన్న వాక్యం ఎవరైనా రాయగలరు, దానివల్ల మీ గురించి తెలిసేదేమీ లేదు. దాని బదులు మీరు వెంటపడాలనుకునే ఒక ప్రశ్న రాయండి. ఉదాహరణకు నార్వే నాటకకర్త ఇబ్సెన్ రాసిన 'ఎ డాల్స్ హౌస్' 1879 డిసెంబరులో కోపెన్‌హాగెన్‌లో మొదటిసారి ఆడారు. చివర్లో కథానాయిక నోరా భర్తను, పిల్లలను వదిలి వెళ్లిపోతుంది. జర్మనీలో ఆ పాత్ర వేయాల్సిన నటి ఆ ముగింపు ఆడనంది. ఎవరో మార్చేసే కంటే తానే మార్చడం నయమని ఇబ్సెన్, ఇష్టం లేకపోయినా, నోరా ఆగిపోయే ముగింపు ఒకటి రాసి ఇచ్చాడు. 1880లో అది స్టేజీ మీదికి వచ్చింది. ఆ రెండు ముగింపుల గురించి అప్పటి పత్రికలు ఏం రాశాయి? రచయితకు తన నాటకం మీద అంత తక్కువ హక్కు ఎందుకుంది? ఇలా ఒక ప్రశ్న పెట్టి, దానికి ఎక్కడ వెతుకుతారో చెబితే మీకు పని తెలుసని అర్థమవుతుంది. ఆ సంస్థ దగ్గరున్న సేకరణ ఏమిటో కేటలాగ్‌లో చూసి, దానికి దగ్గరగా ఉన్న ప్రశ్న ఎంచుకుంటే ఇంకా మంచిది.

రికమెండేషన్ కోసం హెచ్‌ఓడీ దగ్గరికే వెళ్లనక్కర్లేదు. మీ రాతను దిద్దిన లెక్చరర్ ఎవరో వాళ్లే సరైనవాళ్లు. కనీసం మూడు, నాలుగు వారాల ముందు అడగండి, ప్రకటన, మీ శాంపిల్, గడువు తేదీ మూడూ కలిపి పంపండి. చాలా పోర్టల్స్‌లో మీరు వాళ్ల మెయిల్ ఐడీ నమోదు చేశాకే వాళ్లకు లింకు వెళ్తుంది, కాబట్టి ఆ భాగం ముందుగా నింపేయండి.

సబ్మిట్ చేయడం, ఆ తర్వాత

ఫైళ్లన్నీ పీడీఎఫ్‌లో, పేరుతో సహా సేవ్ చేసుకోండి. గడువు ఏ టైమ్ జోన్‌లో ఉందో చూడండి. చివరి రాత్రి దాకా ఆగితే సర్వర్ మొరాయిస్తే చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు. రసీదు మెయిల్ రాకపోతే స్పామ్ ఫోల్డర్ చూసి, అక్కడా లేకపోతే ఆఫీసుకు రాయండి.

ఇంటర్వ్యూకి పిలిస్తే మీ శాంపిల్ మళ్లీ చదువుకుని వెళ్లండి, ప్రశ్నలు అందులోంచే ఎక్కువ వస్తాయి. కొన్నిచోట్ల అక్కడికక్కడే ఒక సీన్ ఇచ్చి, దీని గురించి నటులకు ఏం వెతికి ఇస్తారని అడుగుతారు. తెలియని పదం కనబడితే తెలుసన్నట్టు నటించకుండా, అర్థం ఎక్కడ వెతుకుతారో చెప్పండి. ఎంపికయ్యాక వచ్చే ఆఫర్ లెటర్‌లో తేదీలు, వారానికి పని గంటలు, స్టైపెండ్, ఎవరి కింద పని అన్నవి ఉన్నాయో లేదో చూడండి. మీరు రాసినవి మీ పేరుతో అచ్చవుతాయా, తర్వాత మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా అన్నది సంతకం పెట్టకముందే అడగండి.