మోచేతి నొప్పికి షాక్‌వేవ్: నా అనుభవం

విజయవాడ వన్‌టౌన్‌లో నాది టైలరింగ్ షాపు. రోజంతా కత్తెర పట్టడంతో కుడి మోచేతి బయటివైపు నొప్పి మొదలై, టీ గ్లాసు ఎత్తడమే కష్టమైంది. టెన్నిస్ ఎల్బో అన్నారు డాక్టరు. స్టిరాయిడ్ ఇంజెక్షన్‌తో నొప్పి త్వరగా తగ్గినా తిరగబెట్టే అవకాశం ఎక్కువని చెప్పి, ఫిజియోథెరపీతో పాటు షాక్‌వేవ్ రాశారు.

పేరు విని కరెంటు షాక్ అనుకోవద్దు, అవి ధ్వని తరంగాలు. జెల్ రాసి, నొప్పి ఉన్నచోటే మెషీన్ హ్యాండిల్ ఆనించి టకటకా కొడతారు, వారానికోసారి. ఆ కాసేపూ బాగానే నొప్పి పుడుతుంది, ఓర్చుకోవాలి. గుణం కనిపించడానికి నెలలు పట్టింది. అందరికీ పనిచేయదు కూడా. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి.

నా మటుకు, చిన్న డంబెల్ పట్టుకుని మణికట్టును మెల్లగా కిందికి దించే వ్యాయామమే సగం బాగుచేసింది. అది ఇప్పటికీ మానలేదు. మందపాటి గుడ్డల కటింగ్ మాత్రం షాపులో కుర్రాడికి అప్పగించాను.